బట్టమేక పిట్టలూ పోలయ్య గొంతూ

పోలయ్యకి పాడకుండా ట్రాలీ తోయడం రాదు. పాడడం అసలే రాదు.

బిలాస్‌పూర్‌లో రైలు పట్టాలు తనిఖీ చేసే దొర దగ్గర అతను ట్రాలీమాన్. దొర గొడుగు కింద కూర్చుంటే, మనవాడు వెనక పట్టా మీద ఉత్తకాళ్లతో పరుగెడుతూ తోస్తాడు. "హైలెస్సా" అని అందుకున్నాడంటే వాళ్లుండే తార్‌బహార్ పేటలో నిద్రపోయే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు.

"పాటేటయ్యా అది? గేదె ఈనుతున్నట్టుంది!" అనేది పెళ్లాం అప్పయమ్మ.

"నోరు మూస్తే కాళ్లాడవే."

ట్రాలీలో దొరగారి తుపాకీ కూడా ఉండేది. దానికి ఏనాడూ ఒక్క పిట్ట పడలేదు. అప్పయమ్మ కాపరానికొచ్చిన కొత్తలో లైను పక్క గడ్డిలో బట్టమేక పిట్టలు మందలుగా తిరిగేవి. వచ్చిపోయే దొరలు కాల్చారు, ఊళ్లవాళ్లు గుడ్లు ఏరారు, గడ్డినేల నాగళ్ల పాలయింది. మందలు పోయి జంటలు మిగిలాయి. జంటలు పోయి ఎప్పుడో ఒకటి కనబడేది. తార్‌బహార్ మాత్రం నేరమంతా పోలయ్య మీద వేసింది.

"నీ పాట ఇని దేశాలు పట్టి పోనాయిరా!"

పోలయ్య కూడా నవ్వేవాడు.

ఒకరోజు దొరకి ఓపిక చచ్చింది. నెలపాటు నోరు మూసుకుంటే గ్యాంగు కూలీల మీద మేటు పని, ఉండడానికి రైల్వే క్వార్టరు ఇస్తానన్నాడు. లేకపోతే పట్టాలు బాగుచేసే ఆ గ్యాంగులోనే పలుగు పట్టుకోమన్నాడు. వానొస్తే కారే ఇంట్లో వంట చేసి విసిగిన అప్పయమ్మ, రోజూ పొద్దున్నే మొగుడి బుగ్గన కరక్కాయ కుక్కి పంపేది.

"ఉమ్మకు. పాడకు. గుర్తుందేటి?"

పోలయ్య ఉబ్బిన బుగ్గతో తలూపేవాడు.

తీరా నెలాఖరున మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. భుజాన పలుగు ఉంది, బుగ్గన కరక్కాయ లేదు.

"పాడీసినావా?"

"పాడీసినాను."

"అచ్ఛా! ఇంకొక్క రోజు ఆగలేకపోనావేటి?"

"కోనీ ఊరి కాడ గడ్డిలో పిట్టుందే. దొర తుపాకీ ఎత్తినాడు."

"అయితే ఇన్నాళ్లూ నువ్వు పాడింది..."

"మరి పిట్టకి ఎలగ సెప్పీది? దారంతా పాడితేనే గదా దొరకి అనుమానం రాదు. మనకి కనకం ఒకర్తే పిల్లయినట్టు, దానికీ ఏడాదికి ఒక్క గుడ్డేనే."

కళ్లముందే క్వార్టరు పోయింది. అప్పయమ్మకి ఏడుపు రావాలి, నవ్వొచ్చింది. ఇలాంటి మొగుణ్ణి ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

"ఎగిరిందా?"

"నా పాట ఇని ఎగరకుండా ఉంటాదేటి!"

ఆ తర్వాత అక్కడ బట్టమేక పిట్ట ఎవరి కంటా పడలేదు. పోలయ్య గ్యాంగులో నోరు విప్పకుండా పలుగు వేసేవాడు. పాడమంటే "ఎవులికోసం?" అనేవాడు. కానీ కొన్ని సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని అప్పయమ్మే అడిగేది.

"ఒక్కపాట పాడయ్యా. ఎక్కడో ఒకటుంటే, ఎగిరిపోతాది."

పోలయ్య గొంతెత్తేవాడు. తార్‌బహార్‌లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు.