కంటి డాక్టర్ల పేజీ

ఆమె ఎడమ కన్ను పోవడంలో నా చేయి ఉంది. ఈ మాట ఫ్యాక్టరీలో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

సోమందేపల్లె దగ్గర హైవే పక్కన కార్ల సీట్లకు కవర్లు కుట్టే ఫ్యాక్టరీ అది. నేను అందులో హెచ్‌ఆర్ ఆఫీసు గుమాస్తాను. ఊళ్లో మా నాయనకు కిరాణా అంగడి ఉంది. డిగ్రీ చదివిన కొడుకు బెల్లం గోతాల మధ్య కాకుండా ఏసీ గదిలో కూర్చున్నాడని ఆయనకు గొప్ప. నాకు అంతకన్నా గొప్ప.

ఆమెది కుట్టు పరీక్షించే పని. నలభై దాటిన మనిషి. భర్త మా ఊళ్లోనే దూది ఏకి పరుపులు కుడతాడు. లైను మీద కవర్లు కదిలిపోతుంటే చూపుతోనే పట్టేసేది, ఎక్కడ ఒక్క కుట్టు తప్పినా. ఆ పనితనానికే జీతం పెంచారు. జీతం పెరగడంతో ప్రభుత్వ బీమా హద్దు దాటిపోయింది. అలాంటివాళ్ల కోసం కంపెనీ ఒక ప్రైవేటు ఆరోగ్య పథకం తీసుకుని, ఒక్కొక్కరికి ఒక కార్డు, ఒక పుస్తకం ఇచ్చింది. పథకం కింద ఏ డాక్టర్ దగ్గరికి పోవచ్చో ఆ పుస్తకంలో ఉంటుంది. పేరు, చదువు, విభాగం, చిరునామా, చూసే వేళలు, ఫోన్ నంబరు. అంతా ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్లు. నేను ఒక పేరు కింద గీత గీసి పంపించేవాణ్ని. దానికి నాకు పట్టే సమయం అర నిమిషం.

ఆ సోమవారం కార్ల కంపెనీ వాళ్లు తనిఖీకి వస్తున్నారు. నేను ఫైళ్లు సర్దుకుంటున్నాను. ఆమె వచ్చి నిలబడింది. ముందురోజు నుంచి ఎడమ కంట్లో మెరుపులు మెరుస్తున్నాయని, నల్లని నలకలు ఈదుతున్నాయని చెప్పింది. నేను తల ఎత్తలేదు.

"కింద నుంచి నల్లగా తెర మాదిరి లేస్తాండాది సార్," అంది.

పుస్తకం తెరిచాను. కంటి డాక్టర్ల పేజీలో మొదటి పేరు హిందూపురంలో ఉంది. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా చూస్తాడని రాసి ఉంది. గీత గీసి, షిఫ్టు అయ్యాక పొమ్మన్నాను. ఇప్పుడే పోతానంది. తనిఖీ రోజు సెలవు కుదరదని చెప్పాను. ఆమె సాయంత్రం దాకా నిలబడి, ఒక్క కంటితో కవర్లు చూసింది.

మర్నాడు పొద్దున నా బల్ల దగ్గరికే వచ్చింది. ఆ చిరునామాలో ఆసుపత్రి లేదట. సెల్‌ఫోన్లు అమ్మే అంగడి ఉందట. అక్కడివాళ్లకు డాక్టర్ సంగతే తెలియదట. నాకు కోపం వచ్చింది. నేను గీత గీసిన పేరు తప్పు కావడం నాకు అలవాటు లేదు.

"పుస్తకంలో ఉండాదంటే ఆడ ఉండాల్సిందే. నువ్వే సరిగ్గా అడిగుండవు," అన్నాను.

పక్కన కూర్చున్న ఇద్దరు నవ్వారు. ఆమె పుస్తకం తీసుకుని లైను మీదికి పోయింది. ఆ సాయంత్రం మళ్లీ హిందూపురం పోయి, అదే సందులో దుకాణం దుకాణం అడుగుతూ తిరిగిందని తర్వాత తెలిసింది. పేరు పక్కన ఫోన్ నంబరు ఉంది. నా బల్ల మీద ఫోన్ ఉంది. చేయలేదు.

బుధవారం నాటికి తెర కంటి మధ్యకు దగ్గరపడింది. నన్ను చూడాలంటే తల పక్కకు తిప్పి చూస్తోంది. ఈసారి అనంతపురంలోని ఒక పేరు కింద గీత గీశాను. మర్నాడు సెలవు పెట్టుకుని భర్తతో కలిసి పొద్దున బస్సుకు పోయింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఆ డాక్టర్ నెలకు ఒక్కసారి, మొదటి శనివారం మాత్రమే వస్తాడట. శనివారం ఇంకా రెండు రోజులుంది. ఎదురుగా ఇంకో కంటి ఆసుపత్రి కనపడుతోంది, దాంట్లోకి పోదామని మా ఆయన అంటున్నాడు, ఏం చేయమంటారు అని అడిగింది.

"దాని పేరు పుస్తకంలో ఉందా?" అన్నాను.

"లేదు సార్. చూసినాం."

"అట్లయితే పథకం రాదు. దుడ్లన్నీ మీరే కట్టుకోవాల. శనివారం దాకా ఉండలేవా? కన్ను యాడికీ పోదులే."

వాళ్లు తిరిగి బస్సెక్కారు. శనివారం డాక్టర్ కంట్లోకి దీపం వేసి చూసి, కంటి లోపలి పొర ఊడిపోయిందని, అది మధ్యభాగం దాకా వచ్చేసిందని చెప్పి, అప్పటికప్పుడు బెంగళూరుకు రాసిచ్చాడు. అక్కడ ఆపరేషన్ చేశారు. చేసినాయన ఆమె భర్తను ఒక్కటే ప్రశ్న అడిగాడట, వారం రోజులు ఎక్కడున్నారని. ఆ భర్త నాతో చెప్పిన మాట ఇది. నిందించినట్టు కూడా కాదు, ఊరి సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆ కంటికి ఇప్పుడు మొహం ముందు చేయి ఆడిస్తే ఆడుతున్నట్టు తెలుస్తుంది. అంతకుమించి లేదు.

ఆపరేషన్ తర్వాత డాక్టర్లు చెప్పినట్టు ఆమె బెంగళూరులో బోర్లా పడుకుని ఉన్న రోజుల్లో నేను ఆ పుస్తకాన్ని మొదటిసారి చదివాను. అనంతపురం డాక్టర్ పేరు పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది. ఆ గుర్తు ఉన్నవాళ్లు బయటి నుంచి వచ్చిపోయే డాక్టర్లని పేజీ అడుగున రాసి ఉంది. మొదటి అట్ట లోపల, ఈ జాబితా ఏ నెల దాకా సరిచూసిందో ఉంది. రెండేళ్లు దాటిపోయింది. పోయేముందు ఫోన్ చేసి, డాక్టర్ అక్కడే ఉన్నాడా, పథకంలో ఇంకా ఉన్నాడా అని కనుక్కోమని దాని కిందే ఉంది. చివరి పేజీల్లో, ప్రాణానికో అవయవానికో ముప్పు ఉన్నప్పుడు జాబితాలో లేని ఆసుపత్రికైనా పోవచ్చని, ఒక రోజులోపు కబురు చేస్తే చాలని రాసి ఉంది. కంటి డాక్టర్లందరూ ఒక్క పేజీలో అయిపోలేదు. పేజీ తిప్పితే పైన ఇంకో రెండు పేర్లున్నాయి. అందులో ఒకరు సరిగ్గా ఆ లోపలి పొరకే వైద్యం చేసేవారు. అనంతపురంలోనే, ఆదివారం తప్ప రోజూ.

నేను పేజీ తిప్పలేదు.

ఆ మధ్యాహ్నం జాబితాలోని నంబర్లన్నిటికీ వరసగా ఫోన్ చేశాను. కొన్ని మోగలేదు. ఒకదాన్ని ఒకావిడ ఎత్తింది. డాక్టర్ గారు కావాలంటే, ఆయన చనిపోయి ఏడాదిన్నర అయింది నాయనా అంది. తప్పులన్నీ ఒక కాగితం మీద రాసి మేనేజర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చదివి, మడిచి, సొరుగులో పెట్టాడు. జాబితా పథకం వాళ్లది, మనది కాదన్నాడు. ఆ మనిషికి ఏ డాక్టరో నువ్వు చెప్పినట్టు రాతలో ఎక్కడా లేదు కదా అని అడిగాడు. లేదన్నాను. అలాగే ఉండనీ అన్నాడు. ఆమె తిరిగి పనిలోకి రాగానే ఒక కాగితం మీద సంతకం తీసుకోమన్నాడు. కాగితం తయారు చేసింది నేనే, తెలుగులో. డాక్టర్ల పుస్తకం తనకు ముట్టిందని, అందులోని వివరాలు, నిబంధనలు తనకు అర్థమయ్యేలా చెప్పారని, డాక్టరును తనే ఎంచుకున్నానని దాని సారాంశం.

నెలన్నరకు ఆమె వచ్చింది. ఎడమ రెప్ప కొంచెం వాలి ఉంది. కాగితం బల్ల మీద పరిచి, రాత మీద అరచేయి ఆనించి, వేలితో సంతకం చోటు చూపించాను.

"ఏం రాసినారు సార్ దీంట్లో?"

"పుస్తకం ముట్టిందని. అంతే."

ఆమె కాసేపు వంగి చూసింది. పెన్ను గీతకు పైన ఒకసారి గాల్లోనే రాసింది. దూరం అంచనాకు అందక. నేను ఆమె మణికట్టు పట్టుకుని గీత మీదికి దించాను.

రెండు నెలలకు కుట్టు పరీక్షించే వాళ్లందరికీ చూపు పరీక్ష పెట్టారు. ఆమెను ప్యాకింగుకు మార్చారు, జీతం పాతదానికి తగ్గించి. అక్కడ ట్రాలీలు ఎడమవైపు నుంచి వచ్చి తగులుతుంటే కుర్రవాళ్లు వెక్కిరించేవాళ్లు. ఒకరోజు ట్రాలీ కాలి మీదుగా పోయింది. తనే మానేస్తున్నానని రాసిచ్చింది. ఆ కాగితం తీసుకున్నదీ నేనే.

ఆ తర్వాత నేను ఫోన్ చేయకుండా ఎవరికీ ఏ డాక్టర్ పేరూ చెప్పలేదు. పేరు అడిగితే విభాగం చూసి, గుర్తు చూసి, పేజీ తిప్పి చూసి, ఫోన్ చేసి, అప్పుడు చెబుతాను. సార్ మంచోడు, ఓపికగా చూస్తాడు అని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు. ఆ మాట చెవిన పడినప్పుడు నాకు కొంచెం సంతోషంగానే ఉంటుంది. అది దాచడం ఎందుకు.

పోయిన ఏడు ఎండాకాలంలో ఆమె ఇంటికి వెళ్లాను. ఆ కాగితంలో ఏముందో చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాను. భర్త ముంగిట్లో దూది ఏకుతున్నాడు. ఆమె మెట్టు మీద కూర్చుని పరుపుకు తొడిగే గలీబు అంచు వేళ్లతో తడుముతూ కుడుతోంది. నేను నిలబడే చెప్పాను. నువ్వే డాక్టరును ఎంచుకున్నట్టు రాయించుకున్నానని, అబద్ధం చెప్పి సంతకం తీసుకున్నానని. ఆమె సూది ఆపలేదు.

"తెలుసు. నువ్వు చెయ్యి అడ్డం పెట్టినా, నేను వేళ్ల సందులో చదివినాను. సంతకం పెట్టకపోతే ఆ నెలనే పనిలోంచి తీసేస్తారని పెట్టినాను," అంది.

ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదలు. అప్పుడే ఎందుకు అడగలేదన్నాను. పిచ్చి ప్రశ్న.

"అడిగితే ఏం చేస్తాంటివి? ఇప్పుడు చెప్పినావు, నీకు బాగుండాది. నాకేముండాది దీంట్లో?"

ఏదైనా సాయం కావాలంటే చేస్తానని గొణిగాను. ఆమె దారం పళ్లతో కొరికి, కుడి కంటి దగ్గరికి తెచ్చుకుని సూదిలోకి ఎక్కించసాగింది. ఒకసారి తప్పింది, రెండోసారి తప్పింది. నేను చేయి చాపాను.

"ముట్టగాకు," అంది. "పోప్పా ఇంక. నీడ పడతాండాది."

పక్కకు జరిగాను. భర్త దూది ఏకడం ఆపి, నేను గేటు దాటేదాకా చూసి, మళ్లీ మొదలుపెట్టాడు. మర్నాడు ఎనిమిదిన్నరకు నేను ఆఫీసులో ఉన్నాను. కొత్త జాబితా పుస్తకాలు అట్టపెట్టెల్లో వచ్చాయి. అందరికీ పంచి, ముట్టినట్టు సంతకాలు తీసుకోమని మేనేజర్ చెప్పాడు. తీసుకున్నాను.