చివరి బెంచీకి పోటీ

మా అక్కని వీధిలో అందరూ రేడియో అనేవాళ్ళు. అమ్మ ఇస్త్రీపెట్టె వేడెక్కే లోపే అక్క నోరు వేడెక్కేది. కాలర్ మాడిందని దెబ్బలాటకి వచ్చినవాడు కూడా, అక్కతో మాట్లాడాక ఇంకో రెండు చొక్కాలు ఇచ్చి వెళ్ళేవాడు. అలాంటి మనిషి కాలేజీలో చేరగానే మూగనోము పట్టింది.

చదివేది ఫిజియోథెరపీ. ఫీజు మొత్తం ఉచిత చదువు పథకం వాళ్ళే కడతారు. షరతు ఒకటే, ఏడాది చివరి పరీక్ష తప్పకూడదు. తప్పితే సీటు పోతుంది. ఎవరు ఫీజు కట్టారో, ఎవరు కట్టలేదో కాలేజీవాళ్ళు బయటపెట్టరు, పిల్లలు చిన్నబోతారని. మంచి ఆలోచనే, కాదనను. కానీ మా అక్క, క్లాసులో తనొక్కతే ఉచితమని తీర్మానించుకుంది.

అందుకని రోజూ పొద్దున్నే పరిగెత్తేది, చివరి బెంచీ కోసం. అక్కడా పోటీయే. ఆలస్యమైనవాళ్ళు మొహం వేలాడేసుకుని మధ్య బెంచీల్లో కూర్చునేవాళ్ళట. ముందు రెండు వరుసలూ ఖాళీ. పక్కన కూర్చునే అమ్మాయి బూట్లు అద్దంలా మెరుస్తాయని, కలవారి బిడ్డని, అక్క ఆ అమ్మాయితో కూడా ఆచితూచి మాట్లాడేది.

ఏడాది మధ్యలో పెట్టిన పరీక్షలో అక్క శరీర నిర్మాణం పేపరు తప్పింది. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే అమ్మ అడిగింది.

"ఏమే, అర్థం కాకపోతే మేడమ్‌ని అడగొచ్చుగా?"

"డబ్బు కట్టినవాళ్ళ పాఠం అమ్మా అది. మధ్యలో నేను లేచి ఆపితే ఏం బాగుంటుంది?"

అమ్మ ఇంకాస్త అన్నం వడ్డించింది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను వెర్రిదాన్ని కాబట్టి అడక్కపోయినా పెడుతున్నాను. ఆ మేడమ్‌కేం పట్టింది? రేపు అడుగు. సీటు పోయాక అడుగుదామన్నా వినేవాళ్ళుండరు."

మర్నాడు అక్క చెయ్యెత్తింది.

"మేడమ్, భుజం దగ్గర నరాలు ఎలా చీలతాయో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఫీజు కట్టనిదాన్ని. మిగతావాళ్ళకి అడ్డమైతే క్లాసయ్యాక చెప్పండి."

బూట్ల అమ్మాయి మెల్లగా అంది, "నేనూ కట్టలేదండీ. నాకూ అర్థం కాలేదు." వెనకాల ఇంకొకరు, ఆ పక్కన ఇంకొకరు. చూస్తే క్లాసులో ముప్పాతిక మంది అంతే.

మేడమ్ సుద్దముక్క కింద పెట్టింది. "ఇందుకా ముందు బెంచీలు ఖాళీ? నా పాఠమే బాగుండదేమోనని ఇన్నాళ్ళూ దిగులుపడుతున్నాను." అందరినీ ముందుకి పిలిచి, తన చేతిమీదే గీతలు గీసి మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. అక్క ఆ ఏడాది గట్టెక్కింది. ఆ తర్వాత రేడియోని ఆపడం మేడమ్ వల్ల కూడా కాలేదు.

ఇప్పుడు అక్క ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. పక్షవాతం వచ్చినవాళ్ళని కబుర్లతోనే నాలుగడుగులు వేయిస్తుంది. అక్కకి ఫీజు కట్టిన పథకం వాళ్ళ మొహం మేమెన్నడూ చూడలేదు. ఎవరైనా సరే, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

మొన్న అమ్మ భుజం పట్టేసింది. ఏళ్ళ తరబడి ఇస్త్రీ చేసిన చెయ్యి, జడ వేసుకోవడానికి కూడా లేవడం లేదు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళ తల్లిదండ్రులకి వైద్యం ఉచితం కదా అని నేనే తీసుకెళ్ళాను. నేను చీటీ రాయించుకుని వచ్చేసరికి అమ్మ మూలనున్న చివరి కుర్చీలో ఒదిగి కూర్చుని ఉంది. తన పేరు రెండుసార్లు పిలిచినా లేవలేదట.

"డబ్బు కట్టినవాళ్ళు ఉన్నారు కదే, వాళ్ళని చూడనీ," అంది నాతో.

అక్క బయటికొచ్చి అమ్మని చూసింది. వెళ్ళి ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుని, అమ్మ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"ముందుకి రా అమ్మా. ఎక్కడ నొప్పో అడిగించుకోకుండా చెప్పు."

అమ్మ మొదలుపెట్టింది. భుజం, మెడ, మోచెయ్యి, ఇస్త్రీపెట్టె బరువు, నాన్న గురక. అక్క అడ్డురాకుండా అంతా వింది.