దూది పెట్టుకోని చెవులు

బతుకుతెరువుకు వెళ్లిన పల్సానాలో మా గదికి నాలుగిళ్ల అవతలే మరమగ్గాల షెడ్డు ఉండేది. మా ఊరివైపు సాంచాలనే ఆ మగ్గాల మోత భరించలేక, పనికి వెళ్లేటప్పుడు అందరూ చెవుల్లో దూది కుక్కుకునేవారు. మా ఆయన తప్ప. చేరిన మొదటిరోజే అందరి ముందూ, "గింత సప్పుడుకే దూది పెట్టుకునుడేంది, మనం మొగోళ్లం గాదా?" అన్నాడట. అందరూ నవ్వి భుజం తట్టారు. ఇక చూడాలి ఆయన పట్టుదల!

మర్నాడు తల పగిలిపోతున్నా దూది ముట్టలేదు, పరువు పోదూ మరి! కొన్నాళ్లకు దానికో కారణం కూడా దొరికింది. దూది పెట్టుకుంటే పోగు తెగిన చప్పుడు తెలియదట. ఇంకొన్నాళ్లకు, అసలైన పనివాడు దూది పెట్టుకోనే పెట్టుకోడన్నాడు. గొప్పకు అన్న మాటను తనే నమ్మాడు, నమ్మి చెవులు పోగొట్టుకున్నాడు. కొత్తగా సెల్‌ఫోన్ కొన్నాడు కానీ, ఊరి నుంచి ఫోనొస్తే సిగ్నల్ లేదంటూ నా చేతికిచ్చేవాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే, "నాకేమైందే?" అని కసిరేవాడు. అరిచి అరిచి నా గొంతు పోయింది. చెప్పడమే మానేశాను.

అప్పుడు మా తమ్ముడు వచ్చి అదే షెడ్డులో చేరాడు. వాడి జేబులో నేనే దూది పెట్టి పంపాను. సాయంత్రం చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది.

"బావ ముంగట ఎట్ల పెట్టుకోనక్కా? నవ్వుతడు."

నాకు ఒళ్లు మండింది. ఒకరితో వేగలేక చస్తుంటే ఇంకొకడా!

ఆ ఆదివారం ముగ్గురం డుమస్ సముద్రతీరానికి వెళ్లాం. టమాటా భజియాలు తింటూ ఒడ్డున నిలబడ్డాం. అలలు వచ్చి దబదబా విరుగుతున్నాయి.

"ఇయ్యాల సముద్రం జర సల్లగున్నది. సప్పుడే లేదు," అన్నాడు మా ఆయన.

తమ్ముడు వేళాకోళమనుకుని నవ్వబోయాడు. బావ మొహం చూసి ఆగిపోయాడు. "అవు బావా," అన్నాడు మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది. "ఏం అవు? సముద్రం గింత మొత్తుకుంటుంటే ఇనబడ్తలేదా?" అని ఆయన మొహం మీదే అరిచాను. ఆయన నన్ను చూశాడు, అలలను చూశాడు.

మర్నాడు పొద్దున తమ్ముడు చెప్పులేసుకుంటుంటే, మా ఆయన నా దగ్గర దూది అడిగి తీసుకున్నాడు. రెండు ఉండలు చేసి, తన చేత్తోనే వాడి చెవుల్లో పెట్టాడు.

"మరి నువ్వు?" అన్నాను, రెండు చెవులూ చూపించి.

"నాకెందుకే? పోగు తెగితే వానికి జెప్పెటోడు ఒకడు ఉండాలె గదా," అని టిఫిన్ డబ్బా అందుకున్నాడు.