పాత అంబాసిడర్‌కు వెనక కన్ను: రాజంపేట నుంచి కర్నూలు, అహోబిలం

ఎనిమిది నెలలపాటు నేను కారును వెనక్కి నడపలేదు. రాజంపేటలో మాది ఇనుప సామాన్ల దుకాణం. మా తెల్ల డీజిల్ అంబాసిడర్ పంతొమ్మిది వందల తొంభై ఐదులో కొన్నది. ఈ ఎనిమిది నెలలూ దాన్ని ముందుకు పోయి ముందుకే బయటపడే చోట మాత్రమే నిలిపాను. మా సందులో వెనక్కి తీసి పెట్టాల్సి వస్తుందని, వీధి చివర రైసుమిల్లు ఆవరణలో వదిలి ఇంటికి నడిచి వచ్చేవాణ్ణి. మోకాళ్ళకు మంచిదని డాక్టరు నడవమన్నాడని అందరికీ చెప్పాను. ఏ డాక్టరూ చెప్పలేదు.

అసలు సంగతి ఇది. ఒకరోజు సాయంత్రం మా గోడౌను ముందు కారు వెనక్కి తీస్తున్నాను. నాకు మెడ తిరగదు కాబట్టి మా ఆవిడ వరలక్ష్మి ఎప్పటిలాగే వెనక నిలబడి "రానీండి, రానీండి" అంటోంది. అప్పుడే ఫోను మోగింది. నెల్లూరు నుంచి మేకుల వ్యాపారి. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను. ఆమె "ఆపండి" అన్న మాట నాకు వినిపించలేదు. బంపరుకూ బండల అరుగుకూ మధ్య ఆమె ఎడమ కాలు ఇరుక్కుని మడమ పైన ఎముక విరిగింది. రెండు నెలలు కట్టు. ఆస్పత్రిలోనూ చుట్టాల దగ్గరా ఆమె ఒకటే చెప్పింది, అరుగు మీంచి జారి పడ్డానని. నేను పక్కనే ఉండి తల ఊపాను.

ఆ తరవాత ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఎప్పుడైనా నేను వెనక గేరు మీద చెయ్యి వేస్తే చాలు, తలుపు తీసుకుని దిగి దూరంగా పోయి నిలబడేది. నా చెయ్యి వెనక్కి వచ్చేసేది. కారు అమ్మేయాలనుకున్నాను. అమ్మేలోగా ఒక ప్రయత్నం చేసి చూద్దామనిపించింది. చేత్తో పట్టుకోకుండా ఫోను మాట్లాడే పరికరం, వెనక ఏముందో ముందు తెరలో చూపించే కెమెరా రెండూ పాత బండ్లకు కూడా బిగిస్తారని విన్నాను. కడపలో రెండు చోట్ల అడిగితే, ఈ బండికి అవెందుకు, అమ్మి కొత్తది తీసుకోమన్నారు. మా దుకాణానికి సరుకు తెచ్చే లారీ ఓనరు మాత్రం కర్నూల్లో ఖాజా భాయ్ అనే ఎలక్ట్రీషియను పేరు చెప్పాడు. ఇవి బిగించాక కూడా ఆమె దిగిపోతే కారు అమ్మేయడమే అని మనసులో గట్టిగా అనుకున్నాను. కాలు బాగైతే వస్తానని అహోబిలం నరసింహస్వామికి ఆమె మొక్కుకుంది కాబట్టి, తనూ బయల్దేరింది.

తెల్లవారుజామున ఐదింటికి రాజంపేట దాటాం. కడప ఆరుంపావుకి, మైదుకూరు ఏడున్నరకి. అక్కడ రోడ్డు పక్కన ఎర్రకారం దోసెలు తిన్నాం. ఒక్కోటి పది రూపాయలు, కారం మాత్రం పదిహేను రూపాయలకు సరిపడా ఉంటుంది. దోసెలు పోసే పెద్దావిడ, నేను దూరంగా రోడ్డంచున నిలిపిన కారును చూసి, "ఈడ నీడన జాగా ఉండాది గదప్పా, అంత దూరం యాడనో పెట్టినావే?" అంది. తొందరగా పోవాలన్నాను. మా ఆవిడ చట్నీ కలుపుకుంటూ నా వైపు చూడలేదు.

ఆళ్ళగడ్డ మీదుగా నంద్యాల చేరేసరికి పది దాటింది. ఆ దారిలో చాగలమర్రి అవతల కొంత దూరం గుంతలున్నాయి, పాత బండి అయితే నలభై దాటకండి. ఓర్వకల్లు రాళ్ళగుట్టలు దాటి పన్నెండింటికి కర్నూల్లో ఉన్నాం. రాజంపేట నుంచి రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. రానూ పోనూ, అహోబిలంతో కలిపి, డీజిల్‌కు పదహారు వందలయింది.

ఖాజా భాయ్ షెడ్డు బస్టాండు వెనక సందులో ఉంది. యాభై దాటిన మనిషి, ముక్కు చివర కళ్ళజోడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తి, ఇంజను పాతదైనా వైరింగు ఎవరూ పాడుచేయలేదని మెచ్చుకున్నాడు. వెనక గేరు వేస్తే వెలిగే బల్బు ఎప్పుడో చచ్చిపోయింది. కొత్త కార్లలో ఆ బల్బు కరెంటుతోనే తెర వెలుగుతుందట. మాకు స్టీరింగు కింద ఒక స్విచ్చు విడిగా పెడతానన్నాడు. తరవాత అడిగాడు: "రెండూ యాలకు సార్? కెమెరా ఒకటి సాలు గదా, దుడ్లు మిగుల్తాయి."

వరలక్ష్మి నాలుగడుగుల అవతల బెంచీ మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. ఆమెకు వినపడుతుందని నాకు తెలుసు. అయినా నోట్లోంచి వచ్చేసింది. "ఫోను చెవిన పెట్టుకొని బండి వెనక్కి తీసినా. ఆమె కాలు ఇరగ్గొట్టినా." అంతవరకూ ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఖాజా భాయ్ ఆమె వైపు చూడకుండా, స్క్రూడ్రైవరు తీసుకుని, "అట్లయితే రెండూ కావల్ల" అన్నాడు. ఆమె బత్తాయి తొనలు మూడు భాగాలు చేసి, ఒకటి అతనికి, ఒకటి నాకు ఇచ్చింది.

పనికి నాలుగు గంటలు పట్టింది. నంబరు పలక పైన గోళీకాయంత కెమెరా, ముందు అరచేతి వెడల్పు తెర, తల పైన రూఫుకు చిన్న స్పీకరు, మైకు. మొదట తెరలో కుడి ఎడమలు తారుమారుగా కనిపించాయి. అతను కెమెరా దగ్గర ఒక సన్న తీగ కత్తిరించగానే సరిపోయింది. నా ఫోనును స్పీకరుకు జత చేసి, రెండు సార్లు మోగితే దానంతట అదే ఎత్తుకునేటట్లు పెట్టాడు. మీ ఫోనులో బ్లూటూత్ లేకపోతే ఈ పరికరం పనిచేయదు, ముందే చూసుకోండి. అన్నీ కలిపి ఏడు వేల మూడు వందలు.

వరలక్ష్మి ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాక పరీక్ష చేయమన్నాడు. నేను స్విచ్చు నొక్కాను. షెడ్డు గేటు, డ్రమ్ము, నేల మీద నూనె మరక అన్నీ తెర మీద స్పష్టంగా కనిపించాయి. చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాను. ఇంతలో వెనక తలుపు చప్పుడు వినిపించింది. వరలక్ష్మి దిగి గేటు పక్కన నిలబడింది. కారు చక్కగా వెనక్కి వచ్చింది, ఎక్కడా తగల్లేదు. నా సంబరం మాత్రం అక్కడే ఆగిపోయింది. ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకుని, మూడొందల యాభై గది, కారు ఎవరికి అమ్మాలా అని ఆలోచించాను.

మర్నాడు ఆరింటికి బయల్దేరి, ఆళ్ళగడ్డ దగ్గర ఎడమకు తిరిగి, పదిన్నరకు దిగువ అహోబిలం చేరాం. బండ్లు నిలిపేచోట ఒకాయన చెయ్యి ఊపి రమ్మంటే, కెమెరా ఉంది కదా అన్న ధైర్యంతో కారు ముక్కు గోడకు పెట్టి ఆపేశాను. దర్శనం తీరిగ్గా అయింది. వరలక్ష్మి మొక్కు చెల్లించుకుంది. కొత్తగా ఏది బిగించినా పూజ చేయించాలని పట్టుబట్టింది. అయ్యవారు వచ్చి, ముందు గోడ ఉంది కాబట్టి నిమ్మకాయలు చక్రాల వెనకాల పెట్టి, వెనక్కే పోనిమ్మన్నాడు. ఆమె స్టీరింగుకు, తెర అంచుకు, స్పీకరుకు బొట్లు పెట్టుకుంటూ వెనక్కి వెళ్ళింది. నేను టెంకాయ కొట్టే హడావిడిలో ఉన్నాను.

పూజయ్యాక సీట్లో కూర్చుని స్విచ్చు నొక్కాను. తెర పసుప్పచ్చగా వెలిగి ఊరుకుంది. ఆపి మళ్ళీ నొక్కాను, మళ్ళీ పసుపే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కరోజు కూడా నిలవని పని చేశాడని తిట్టుకుంటూ ఖాజా భాయ్‌కి ఫోను కొట్టాను. అతని గొంతు నెత్తి మీద స్పీకరులోంచి నింపాదిగా వచ్చింది.

"పూజ సేయించినారా సార్?"

చేయించామన్నాను.

"కంటికి బొట్టు పెట్టింటారు. మా బండ్లన్నీ ఇట్లనే అయితాయి. తుడ్సుకోండి, ఏం గాలేదు."

పోయి చూస్తే నిజమే. గోళీకాయంత కెమెరా మీద బొటనవేలంత పసుపు ముద్ద, నడిమధ్య కుంకుమ. తుండుగుడ్డ తీశాను. వరలక్ష్మి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "స్వామి దగ్గర పెట్టిన పసుపు. ఇల్లు సేరేదాంక తుడ్సాకండి" అంది. మరి కారు ఎట్లా తియ్యాలని అడిగాను. వెనక టెంకాయల బండి, వచ్చేపోయే జనం, నాకేమో మెడ తిరగదు. ఎవరినైనా డ్రైవరును పిలుస్తానన్నాను.

ఆమె కుడి కాలు ముందు వేసి, ఎడమ కాలు కొంచెం ఈడ్చుకుంటూ కారు వెనక్కి నడిచింది. టెంకాయలాయనతో మాట్లాడి బండి జరిపించింది. ఆ తరవాత నా ఫోను మోగింది. ఏళ్ళనాటి పొదుపు అలవాటుతో మిస్డ్ కాల్ తప్ప ఇవ్వని మనిషి, ఆ రోజు ఫోను పెట్టేయలేదు. రెండు సార్లు మోగి, దానంతట అదే ఎత్తుకుంది.

"రానీండి" అంది నెత్తి మీద గొంతు.

వెనక గేరు వేశాను. క్లచ్చు మెల్లగా వదిలాను. నిమ్మకాయలు పటపటమన్నాయి. "రానీండి. ఇంకా జాగా ఉండాది. రానీండి." డీజిల్ ఇంజను మోతలో కూడా ప్రతి అక్షరం వినిపిస్తోంది.

"ఆపండి."

బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. అద్దంలో ఎవరో ముసలమ్మ కర్ర పట్టుకుని వెనక నుంచి దాటిపోవడం కనిపించింది. తరవాత ఆమె అడిగింది.

"ఇనపడిందా?"

"వినపడింది."

"ఆ పొద్దు గూడా ఇంతే గట్టిగా చెప్పినా."

ఎనిమిది నెలల్లో ఆ సంగతి గురించి ఆమె నన్ను అన్న మొదటి మాట అది. స్టీరింగు పట్టుకునే చెప్పాను, తప్పు నాదే వరలక్ష్మీ, జారి పడిందని నువ్వు చెప్తాంటే ఊరుకున్నా, సిగ్గయితాండాది అని. ఆమె ఊపిరి తీసుకోవడం స్పీకరులో వినిపించింది. "సరే" అంది. "ఒక నిమ్మకాయ పక్కకు దొర్లి ఇంకా నలగలే. ఇంకో జానెడు రానీండి." వచ్చి ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. వచ్చేటప్పుడు వెనక సీట్లో కూర్చున్న మనిషి.

మధ్యాహ్నం ఆళ్ళగడ్డలో నలభై రూపాయల భోజనం చేసి, సాయంత్రం ఆరున్నరకు రాజంపేట చేరాం. రైసుమిల్లు దగ్గర ఆగలేదు. మా సందు మొదట్లో ఆమె దిగి, నేను అడక్కుండానే ఫోను చేసింది. ఇంటి ముందుకు వెనక్కి తీసి పెట్టాక, తనే తడిగుడ్డతో కెమెరా మీది పసుపు తుడిచింది. యంత్రాలతో నా తప్పు కప్పేసుకుందామని అంత దూరం పోయానని ఇప్పుడనిపిస్తుంది. కెమెరా బాగా పనిచేస్తుంది, రోజూ వాడుతున్నాను, కారు అమ్మడం లేదు. కానీ నేను వినాల్సిన మాట తెరలో కనిపించేది కాదు.

ఇలాంటివి బిగించుకోవాలనుకునేవారికి ఒక్క సలహా. పూజ చేయిస్తే బొట్టు కెమెరాకు కాకుండా కింద నంబరు పలకకు పెట్టించండి. అయినా ఎప్పుడైనా కెమెరా కనిపించకపోతే, వెనక నిలబడే మనిషికి ఫోను కలిపి పెట్టుకుని, ఆమె ఆపమన్నప్పుడు ఆపండి.