మా అక్క బుగ్గలు

ఈ రోజు అత్తయ్యను చెవుల పరీక్షకు నేనూ, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలూ తెనాలి తీసుకెళ్లాం. మేం నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆ, ఈ, ఊ అంటుంటే ఆవిడ ఏది విన్నారో చెప్పాలి. నా ‘ఈ’ ప్రతిసారీ ఆవిడకు ‘ఊ’ అయింది. రేపల్లె నుంచి ఎప్పుడో ఓసారి వచ్చే అక్కవి మాత్రం అన్నీ సరిగ్గా చెప్పారు! రోజూ అన్నం పెట్టేది నేను.

“సన్నటి శబ్దం చెవికి అందకపోతే ‘ఈ’ కూడా ‘ఊ’ లాగే ఉంటుందండి,” అన్నారు పరీక్ష చేసే మేడమ్.

“మరి అక్కది ఎలా వినపడిందండి?”

“వినపళ్లేదే అమ్మాయ్,” అన్నారు అత్తయ్య. “‘ఈ’ అంటే దాని బుగ్గలు పైకి లేస్తాయి. కాగితం పైనుంచి కనిపించాయి.”

“మరి నా బుగ్గలో?”

“చూళ్లేదే.”

తిరుగు రైల్లో బాపట్ల దాకా సెల్‌ఫోన్‌లో మొహం చూసుకుంటూ ‘ఈ’ అన్నాను. నా బుగ్గలూ బాగానే లేస్తున్నాయి. అత్తయ్య మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. కుళ్లుకోవద్దంటారా, చెప్పండి?