సీనన్న తరఫున నేను అడిగిన మాఫీ

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా రేడియో స్టేషన్లో మాత్రం ముందు ఆ నోరెవరిదో చూసి, తర్వాతే మంచిదో చెడ్డదో తేల్చేవారు. ఈ సంగతి తెలియక, ప్రాణం పెట్టుకున్న కొలువును ఒక్క పొద్దుటి పూట పోగొట్టుకున్నాను. నోరు జారి కొలువు పోగొట్టుకున్నవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. మాఫీ అడిగి పోగొట్టుకున్నదాన్ని బహుశా నేనొక్కదాన్నే!

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. జడ్చర్లలో ఒక చిన్న రేడియో స్టేషన్. గోడలకు గుడ్డ కొట్టిన ఇరుకు గది, తలుపు మీద ఎర్ర బల్బు. అది వెలిగితే చాలు, నా గొంతు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వినబడేది. మా నాయిన మార్కెట్ యార్డులో హమాలీ. పొద్దున ఎనిమిదింటికి బస్తాల మీద రేడియో పెట్టి, "ఆగుండ్రా, మా సుజాత మాట్లాడుతాంది" అని తోటి హమాలీలందరినీ కూర్చోబెట్టేవాడు. మా ఇంట్లో నాకు ముందు గొంతెత్తి మాట్లాడినవాళ్ళే లేరు. నేనేమో ఎత్తిన గొంతు దించలేదు.

నాతోపాటు మాట్లాడేది సీనన్న. గొంతు బెల్లం పాకం, మాట పచ్చిమిరప తొక్కు. ఒకనాడు, "గొర్లు కాసేటోనికి టచ్ ఫోన్ ఎందుకన్నా? గొర్లు సెల్ఫీ అడిగినయా?" అన్నాడు. ఇంకోనాడు, "ఆడోళ్ళు బండి తీసిన్రంటే రోడ్డు పక్క చెట్లు సుత జరగాలె" అన్నాడు. కోపంతో ఎవరైనా ఫోన్ చేస్తే మా మేనేజర్ సారు కడుపు పట్టుకుని నవ్వి, "సీనూ, జర చూస్కొని మాట్లాడు" అనేవాడు. ఆ శిక్షతోపాటు ఒక చాయ్ కూడా తెప్పించేవాడు.

అది చూసి, మైకు ముందు ఎవరేమన్నా చెల్లుతుందనుకున్నాను. చూశారా నా తెలివి!

ఆ రోజు సీనన్న రాలేదు. దావత్‌ల గురించి ముచ్చట. కొల్లాపూర్ దిక్కు నుంచి రోజూ ఫోన్ చేసే ఎంకమ్మవ్వ లైన్లోకి వచ్చి, వచ్చీరాగానే ఏడుపందుకుంది.

"బిడ్డా, మటన్ కూరల మూలుగున్న నల్లిబొక్క ఎయ్యలేదని మా అల్లుడు ఇస్తారి ముందటికెల్లి లేసిపోయిండు."

నా రక్తం ఉడికింది. "అవ్వా, గీ జిల్ల అల్లుండ్లను, పొట్టేళ్ళను ఒక్క దొడ్లె కట్టెయ్యొచ్చు. పొట్టేలన్న నయం, కోస్తె కూరైతది. అల్లుడు దేనికి పనికొస్తడు?"

ఎంకమ్మవ్వ ఏడుపు మానేసి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

గంట తిరగకుండా అల్లుళ్ళంతా ఏకమయ్యారు. తోడల్లుళ్ళు ఏకం కావడం నేను చూడడం అదే మొదలు, అదే చివర. పైగా మాకు ప్రకటనలిచ్చే చీరల దుకాణం సేటు ఇంట్లో ఆ వారమే బొక్క కాడ పంచాయితీ అయిందట. నేను వాళ్ళ అల్లుణ్ణే అన్నానని సేటు అనుకున్నాడు. సారు పిలిచాడు. చాయ్ లేదు.

"ఆడపిల్లవు. నోటికి తాళం ఉండాలె."

"మరి సీనన్నకు సార్?"

"సీను చేసింది మజాక్. నువ్వు చేసింది అవమానం."

"రెండిటికి ఫరకేంది సార్?"

సారు లేచి ఫ్యాను స్పీడు పెంచాడు. "మజాక్ అంటే... జనం నవ్వుతరు."

"నా మాటకు సుత నవ్విన్రు సార్, అత్తలందరు."

రేపు రేడియోలో మాఫీ అడగాలి, తర్వాత రెండు వారాలు ఇంట్లో కూర్చోవాలి. అదీ తీర్పు. ఇంటికొచ్చి నాయినకు చెప్పాను.

"తప్పు చేసినవా బిడ్డా?"

"చేసిన నాయినా."

"అయితె అడుగు మాఫీ. మనది మనం అడుగుడే. పక్కోని మూట నెత్తికెత్తుకోకు, మెడ ఇరుగుతది."

మూటల సంగతి హమాలీకి తెలియదా? కానీ అప్పుడు నాకు నాయిన మాటకన్నా న్యాయం పెద్దదిగా కనబడింది.

మర్నాడు ఎర్ర బల్బు వెలిగింది. "అల్లుళ్ళందరూ నన్ను క్షమించాలి" అని మొదలుపెట్టాను. అక్కడే ఆగి ఉంటే ఈ కథ లేదు. "అట్లాగే, గొర్లకాపరులను మా సీనన్న ఇలా అన్నందుకు..." అని సెల్ఫీ మాట చదివాను. బండి నడిపే ఆడవాళ్ళనన్న మాట చదివాను. అట్లా మొత్తం తొమ్మిది, రాసుకొచ్చిన కాగితం చూసి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. చివర్లో, "ఇవన్నీ విని చాయ్ తెప్పించినందుకు మా మేనేజర్ సారు తరఫున కూడా మాఫీ" అన్నాను. గాంధారి కొడుకులందరినీ ఒక్కసారే కన్నంత తృప్తి!

మధ్యాహ్నానికి స్టేషన్ ముందు గొంగళ్ళు, కర్రలు. గొర్లకాపరులను వెంటేసుకుని వాళ్ళ పెద్దమనిషి బీరయ్య తాత వచ్చాడు. నేను ఎదురెళ్ళి, "తాతా, నేను మీ దిక్కే" అన్నాను.

"గొర్లు సెల్ఫీ అడిగినయా అన్నది నువ్వే కద?"

"నేను కాదు తాతా, సీనన్న."

"ఆ సీను ఎవరో మాకెరుక లేదు. ఆయన అన్ననాడు మేం గుట్టల మీదున్నం. పొద్దుగాల రేడియోల ఇన్నది ఆడిపిల్ల గొంతు. నీదే గద గొంతు?"

వాళ్ళ వెనకే స్కూటీల మీద ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళు విన్నదీ నా గొంతే. నా తప్పు ఒకటి, సీనన్న తప్పులు తొమ్మిది, మొత్తం పదింటికీ ముద్దాయిని నేనే. రెండు వారాల శిక్ష అక్కడికక్కడే జీవితకాలం అయింది.

సీనన్నకు ఏమైందంటారా? గొడవ సద్దుమణగాలని ఆయన చేత కొత్త కార్యక్రమం మొదలుపెట్టించారు. పేరు, "మాట మర్యాద."

ఆ తర్వాత కూడా నెల రోజులు నాయిన ఎనిమిదింటికి బస్తాల మీద రేడియో పెట్టాడట. "నీ బిడ్డ రాలేదేందే?" అని అడిగితే, "గొంతు బాగలేదు, తగ్గినంక వస్తది" అనేవాడట. ఈ సంగతి నాకు వేరే హమాలీ చెప్పాడు. నాయిన ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు నేను మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. లోపల మూతికి గుడ్డ కట్టుకోవాలి, మాట్లాడకూడదు. సూపర్‌వైజర్‌కూ అదే గుడ్డ, అదే నియమం. నేను వెతికిన న్యాయం చివరికి అక్కడ దొరికింది. అయినా పొద్దున ఎనిమిదయ్యేసరికి, ఆ గుడ్డ వెనక నా పెదవులు వాటంతటవే కదులుతాయి. "నమస్తే, మీ సుజాతను..." ఎంకమ్మవ్వ ఇంకా ఎవరికైనా ఫోన్ చేస్తుందో లేదో. చేస్తే ఎవరు నవ్విస్తున్నారో.

అందుకని పాఠకులారా, మీ అందరి సాక్షిగా, చెయ్యి చాచి ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఎవరి తరఫునా మాఫీ అడగను. నా తరఫునే అడుగుతాను. దానికైనా ఒక్కసారి, ఒక్క ఐదు నిమిషాలు, ఎవరైనా మైకు ఇప్పించండి.