పుంగనూరులో వచ్చిన చదువు

మా పాప మొదటిసారి ఒక వాక్యం తడబడకుండా చదివిన రోజు నేను కుప్పంలో ఉన్నాను. మా చెల్లెలికి కాన్పయి, పసిబిడ్డ గుడ్డలు మిద్దె మీద ఆరేస్తుంటే ఫోన్‌లో పాప గొంతు వచ్చింది. సంతోషపడాల్సినదాన్ని. నాకు కడుపు మండిపోయింది.

ఎందుకో అర్థం కావాలంటే కొంచెం ముందు నుంచి చెప్పాలి.

పాపను రెండో తరగతి మధ్యలో బడి మాన్పించాం. పొద్దున్నే బడి బస్సు హారన్ వినపడితే చాలు, తిన్నదంతా కక్కేసేది. డాక్టర్లకు చూపించాం, ఏమీ లేదన్నారు. సెలవు రోజుల్లో మాత్రం హాయిగా తిని తిరిగేది. చివరికి మా ఆయనే అన్నాడు, "ఇంట్లోనే సదివిద్దాం. నువ్వుండావు గదా, ఇంగేం కావాల?" ఆయనది మదనపల్లె టమాటా మండీలో పని. తెల్లారకముందే పోతాడు, మధ్యాహ్నం దాటాక వస్తాడు. పిల్లల చదువు నా చేతుల్లోనే ఉండాలి.

ఉండగలదనే నా నమ్మకం. అప్పటిదాకా నేను మదనపల్లెలోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి చెప్పేదాన్ని. అక్షరం ముక్క రాని పిల్లలను కూర్చోబెట్టి చదివించడమే నా పని. ఏడుస్తూ వచ్చినవాళ్ళు కూడా ఏడాది తిరిగేసరికి గోడ మీద పోస్టర్లు చదువుకుంటూ పోయేవాళ్ళు. అలాంటిది కన్నకూతురికి నేర్పలేనా? ఉద్యోగం మానేశాను. బంధువులు ఎవరైనా "పిల్లను బడికి పంపకుండా ఇంట్లో పెట్టుకోని ఏం జేస్తావు?" అంటే నవ్వేదాన్ని. చూస్తూ ఉండండి అని లోపల అనుకునేదాన్ని.

చలికాలం వచ్చింది. మదనపల్లెలో ఆ రోజుల్లో పొద్దున పూట ఎదురింటి గోడ కూడా సరిగా కనపడదు. మంచు విడిచాక మిద్దె మీద చాప వేసుకుని ఎండలో కూర్చునేవాళ్ళం. ఎండ జరిగే కొద్దీ చాప జరుపుకునేవాళ్ళం. నీడ ఎటు పోతుందో, ఎందుకు పోతుందో పాపే కనిపెట్టి తమ్ముడికి చెప్పేది. లెక్కలు బాగా చేసేది. చిక్కుడుతీగ పందిరికి ఏ వైపు చుట్టుకుంటుందో చూసి బొమ్మ వేసేది. మా చిన్నవాడికి అప్పుడు ఐదేళ్ళు. అక్క పక్కన కూర్చుని వింటూనే అక్షరాలు పట్టేసుకున్నాడు.

పాపకు మాత్రం చదవడం రాలేదు. అక్షరాలు విడివిడిగా అన్నీ తెలుసు. కలిపి చదవమంటే ఊహించి ఏదో ఒకటి అనేసేది. అప్పుడు దాని కళ్ళు పుస్తకం మీద ఉండేవి కావు, నా మొహం మీద ఉండేవి. నా కనుబొమ్మ కదిలితే చాలు, మాట మార్చేసేది. నేను కార్డులు రాశాను, ఇసుకలో రాయించాను, పాటలు కట్టాను. మా బడిలో ఎంతమందికో పనిచేసిన పద్ధతులన్నీ దాని ముందు ఓడిపోయాయి. ఒకరోజు పుస్తకం మూసేసి, "నాకు రాదులేమ్మా" అంది, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

అలాగే ఏడాది గడిచి మళ్ళీ చలికాలం వచ్చాక కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. మా చెల్లెలికి నెలలు నిండాయి, చూసుకునేవాళ్ళు లేరు, నేను పోక తప్పదు. చిన్నవాడు నన్ను వదిలి ఉండడు. పాపేమో, "నేను పుంగనూరికి పోతా. అత్త వాళ్ళ ఆవు ఈనుతాది" అంది. పుంగనూరులో ఉండేది మా వదిన, మా ఆయన అక్క. నాలుగు ఆవులు, ఇంటి వెనక కాస్త చేను. కొడుకులిద్దరూ పెద్దవాళ్ళై ఉద్యోగాల్లో ఉన్నారు. సరే, అక్కడ పాపకు కాస్త మార్పుగా ఉంటుందని దింపి వచ్చాం. పుస్తకాల సంచీ కూడా ఇచ్చి, "రోజూ కొంచెంసేపు సదివించండి వదినా" అన్నాను. వదిన ఆ సంచీని మేకుకు తగిలించింది. తర్వాత దాన్ని ఎవరూ దించలేదని తెలిసింది.

కుప్పం నుంచి రోజూ సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. మొదట్లో పాప పరుగెత్తుకొచ్చేది. తర్వాత తర్వాత, "అమ్మా, దూడ నా చెయ్యి నాకతాండాది, మళ్ళా మాట్లాడతా" అని పెట్టేసేది. అత్త చేసిన సంగటి బాగుంటుందట. అత్త తల దువ్వితే నొప్పి పుట్టదట. నేను దువ్వితే పుడుతుందని ఎన్నడూ చెప్పలేదే! ఎప్పుడొస్తావని ఒక్కసారి కూడా అడగలేదు. మా చెల్లెలి పక్కన పడుకున్న పసిదాన్ని చూస్తే నాకు నా కూతురు అంత ఉన్నప్పటి రోజులు గుర్తొచ్చేవి. అప్పుడు దానికి నేను తప్ప ప్రపంచం లేదు.

ఆ మిద్దె మీద గుడ్డలు ఆరేస్తున్నప్పుడే వదిన వాయిస్ మెసేజ్ పంపింది. "ఇను అమ్మా, నీ కూతురు ఏం జేస్తాండాదో!" అని ఆమె గొంతు, ఆ వెంటనే పాప గొంతు: "ఆమె తలుపు తీసి చూసేసరికి వాకిట్లో ఎవరూ లేరు." నిదానంగా, కానీ ఎక్కడా ఆగకుండా చదివింది. చివర ఇద్దరూ పకపకా నవ్వారు. నేను మళ్ళీ మళ్ళీ విన్నాను. విన్న ప్రతిసారీ ఆ నవ్వు దగ్గరే ఆపేశాను. ఏడాది పాటు నేను దున్నిన చేలో పంట వదిన కోసుకుపోయినట్టనిపించింది. మా చెల్లెలు "ఏమక్కా, అట్ల ఉండావు?" అని అడిగితే, చలికి తలనొప్పి అన్నాను.

చెల్లెలు లేచి తిరగడం మొదలుపెట్టగానే చిన్నవాణ్ణి తీసుకుని పలమనేరు మీదుగా పుంగనూరికి బస్సెక్కాను. దారి పొడవునా ఒకటే అనుకున్నాను: సాయంత్రం బస్సుకే పాపను తీసుకుని మదనపల్లెకు వెళ్ళిపోవాలి.

ఇంట్లో అడుగు పెట్టేసరికి వదిన నడవలో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతూ ఉంది. పితికిపప్పు కూరకు ఒక్కో గింజనూ వేళ్ళతో నొక్కి పొట్టు తీయాలి. పక్కనే పాప ఒక వారపత్రిక రెండు చేతులా పట్టుకుని అత్త మొహానికి ఎదురుగా నిలబెట్టి ఉంది. నన్ను చూసి "అమ్మా!" అని లేచి వచ్చి నడుం పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. కానీ వెంటనే, "ఉండమ్మా, ఈ పేజీ అయిపోనీ" అని తిరిగి పోయి కూర్చుంది.

అదీ సంగతి. వదినకు వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళంటే పిచ్చి. చేతులు తడిగా ఉంటాయి కాబట్టి పత్రిక పాప పట్టుకోవాలి. వదిన పైకి చదువుతుంది. పేజీ ఎప్పుడు తిప్పాలో తెలియాలంటే, ఏ లైను నడుస్తోందో పాప చూస్తూ ఉండాలి. ఒకరోజు మంచి ఘట్టంలో ఆవు అరిస్తే వదిన లేచిపోయింది. తలుపు తీసిన ఆమెకు ఏమైందో తెలుసుకోకుండా పాప ఉండలేకపోయింది. వదిన తిరిగి వచ్చేసరికి చదువుతూ ఉందట.

"మీరేం నేర్పలేదా వదినా?" అన్నాను.

"నేనేం నేర్పుతానమ్మా, నాకేమన్నా వస్తాదా? అదే నేర్సుకునె."

ఆ మాటతో నాకు ఇంకా మండింది. నేర్పానని చెప్పుకున్నా బాగుండేది, పోట్లాడేదాన్ని. "సాయంత్రం బస్సుకు పోతామండీ, ఇంట్లో పనులుండాయి" అని పాప బట్టలు సర్దడం మొదలుపెట్టాను. పాప దూడ దగ్గరికి వెళ్ళిపోయింది. చిన్నవాడు దాని వెనకే పరుగెత్తాడు.

వదిన చేతులు తుడుచుకుని గది గుమ్మంలో నిలబడింది.

"నీకు కోపం వచ్చినాది," అంది.

"లేదండీ."

"వచ్చినాదిలే. నాకు తెలీదా? పోయినేడు మీ ఇంటికొస్తే నువ్వు బిడ్లను సెరో పక్కన కూర్సోబెట్టుకోని మిద్దె మీద సదివిస్తాంటివి. నేను కింద నిలబడి సూసినాను. నాకెంత కడుపు మండెనో నీకేం తెల్సు?"

మడతపెట్టిన గౌను పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాను.

"నా బిడ్లను ఆరో తరగతికే హాస్టల్లో ఏసినారు మీ అన్న. ఒక్కక్షరం నేను నేర్పలే. సెలవులకొస్తే వాళ్ళు నాతో మాట్లాడేదానికే సిగ్గుపడతాండ్రి. వాళ్ళు ఏం సదివినారో, ఎట్ల సదివినారో నేను సూడనే లే. నీకు దినమూ కనపడతాండారు. నాకు ఈ నాలుగు దినాలు పాప పుస్తకం పట్టుకోనె. దానికే నువ్విట్ల మొగం పెడితే ఎట్లమ్మా?"

ఆమె ఏడవలేదు. కోపంగానే అంది. కోపంగా అన్నందుకే నేను నమ్మాను. నన్ను చూసి అసూయపడేవాళ్ళు కూడా ఉంటారని, అదీ ఆ చాప మీద నేను రోజూ ఓడిపోతున్న రోజుల్లో, నాకు ఎన్నడూ తట్టలేదు. సర్దిన బట్టలు తీసి మళ్ళీ అలమరలో పెట్టాను. "రేపో ఎల్లుండో పోతాంలే వదినా," అన్నాను.

"అట్లయితే రా, గింజలు ఇంగా శానా ఉండాయి," అంది ఆమె.

ఇద్దరం చెరోవైపు కూర్చుని పితికాం. పాప మధ్యలో కూర్చుని చదివింది. కష్టమైన మాట వచ్చినప్పుడు నేను అందించబోయాను. వదిన మోచేత్తో నన్ను పొడిచింది. ఆగాను. పాప పెదవులు కదిలించుకుని, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి, ఆ మాట తనంతట తానే పలికింది. దాని కళ్ళు పుస్తకం మీదే ఉన్నాయి. పలికాక తల ఎత్తి నవ్వింది, అత్త వైపు చూసి. నా వైపు కాదు. నేను గింజను మరీ గట్టిగా నొక్కేసరికి అది ఎగిరి వాకిట్లో పడింది.

ఇంటికి వచ్చాక నేనూ ఒక వారపత్రిక తెప్పించాను. చేతులు తడి చేసుకుని పాపను పట్టుకోమన్నాను. రెండు పేజీలు అయ్యాక, "నువ్వు అత్త మాదిరి సదవవుమ్మా, పాఠం మాదిరి సదువుతావు" అంది. నిజమే. నాకు ఎంత ప్రయత్నించినా టీచర్ గొంతే వస్తుంది. ఆ పత్రిక మూసి పక్కన పెట్టి లెక్కలు తీశాం. లెక్కలు దానికి నా దగ్గరే ఇష్టం.

అప్పటి నుంచి శనివారాల్లో మా ఆయన పాపను పుంగనూరికి తీసుకెళ్తాడు. ఆదివారం సాయంత్రం పేడ వాసనతో, కొత్త కథతో వస్తుంది. అన్నం తింటూ ఆ కథంతా నాకు చెబుతుంది, వదిన ఎక్కడ గొంతు తగ్గిస్తుందో అక్కడ తనూ తగ్గిస్తూ. వింటాను. బాగుందంటాను. నిజంగానే బాగుంటుంది. లోపల ఎక్కడో ఇంకా చురుక్కుమంటూనే ఉంటుంది, అది పోలేదు. పోతుందని కూడా నేననుకోవడం లేదు. శుక్రవారం వచ్చేసరికి మాత్రం పాప స్వెట్టర్ ఉతికి ఎండలో వేసేది నేనే.